తలభారానికి మూలం మెడలో ఉన్నదా?

ఈ ఆరోగ్య శీర్షికకు ఢిల్లీ కార్యాలయం నుండి, ముఖ్యంగా ద్వారక ఉపనగరంలో కాపురముంటున్న మన తెలుగు సహోద్యోగుల నుండి వచ్చే ఉత్తరాలలో ఒక ఫిర్యాదు తరచుగా కనబడుతున్నది. వారెవరూ దానిని తలనొప్పి అని వ్రాయడం లేదు. తల బరువు అంటున్నారు, దిమ్ము అంటున్నారు. ఇనుప టోపీ పెట్టినట్లున్నదని ఒకరు, తుండుగుడ్డ తలచుట్టూ బిగించి కట్టినట్లున్నదని మరొకరు, నడినెత్తిన ఎవరో అరచేయి ఆన్చి నొక్కుతున్నట్లున్నదని ఇంకొకరు వ్రాశారు. పొద్దున లేచినప్పుడు కొద్దిగా ఉండి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చునేసరికి ముదిరి, సాయంత్రం ఇల్లు చేరే వేళకు మెడ వెనుక భాగమంతా కొయ్యబారిపోతుందట. నెలలు, కొందరికి ఏళ్ళు గడిచినా వదలడం లేదు. ఇది మెడ వల్ల వచ్చినదేనా, మరేదైనా పెద్ద జబ్బా అన్నది వారందరి ప్రశ్న. ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

ఢిల్లీలో ఈ బాధకు ఒక పేరు స్థిరపడిపోయింది. పొరుగింటివారిని అడిగినా, మందుల దుకాణంలో అడిగినా "సర్వైకల్ హో గయా హై" అంటారు. మనవారికి కూడా ఆ మాట అలవడి, "నాకు సర్వైకల్ ఉందండీ" అని చక్కెర వ్యాధి సంగతి చెప్పినంత ధీమాగా చెప్పుకొంటున్నారు. నిజానికి ఆ మాటకు "మెడకు సంబంధించిన" అని మాత్రమే అర్థం. అది రోగం పేరు కాదు. నాకు మెడకు సంబంధించినది ఉన్నది అంటే వాక్యం సగంలో ఆగిపోయినట్లే. మిగిలిన సగం ఏమిటో తేల్చుకోకుండా ఆ పేరుతోనే ఏళ్ళు గడిపేయడం వల్ల జరిగే నష్టం గురించి కూడా ఈ వ్యాసంలో చెప్పవలసి ఉన్నది.

(ద్వారకకు కొత్తగా వచ్చిన మన ఉద్యోగులు ప్రతి గేటు మీద సి.జి.హెచ్.ఎస్. అన్న అక్షరాలు చూసి, ఇన్ని ఆరోగ్య కేంద్రాలా అని సంతోషించిన సందర్భాలు లేకపోలేదు. అవి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు బోర్డులు కావు, సహకార గృహనిర్మాణ సంఘాలవి. రెంటికీ పొడి అక్షరాలు ఒక్కటే కావడం ఈ ఊరి చమత్కారం.)

మెడలో పుట్టిన బాధ తలలో తెలియడమన్నది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో పదకొండు విధాల శిరోరోగాలు చెప్పబడినవి. వాటిలో అనంతవాతమన్నదాని వర్ణన గమనించదగినది. దోషాలు మెడను పీడించి, మెడ వెనుక తీవ్రమైన నొప్పిని కలిగించి, అక్కడి నుండి కన్ను, కనుబొమ, కణత వరకు వ్యాపిస్తాయని అందులో ఉన్నది. దీనిని నేటి ఏ వ్యాధితో సమానం చేయాలన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. కాని మెడ వెనుక మొదలై కంటిదాకా ప్రాకే నొప్పిని ఆ కాలపు వైద్యుడు గమనించాడన్నది స్పష్టం. ఆధునిక వైద్యంలో దీనికి ప్రత్యేకమైన పేరు పెట్టినది నార్వే దేశపు నరాల వైద్యుడు ఒట్టార్ స్యాస్టాడ్. 1983లో ఆయన తన సహచరులతో కలిసి సర్వైకోజెనిక్ హెడేక్, అనగా మెడ జనకమైన తలనొప్పి, అన్న పేరును ప్రతిపాదించారు. చాలాకాలం వాదప్రతివాదాలు నడిచిన తరువాత అంతర్జాతీయ తలనొప్పి సంఘం తన వర్గీకరణలో దీనికి స్థానమిచ్చింది. 2018లో వెలువడిన మూడవ కూర్పులోనూ అది ఉన్నది.

మెడలో ఉన్న నొప్పి నుదుట ఎలా తెలుస్తుంది? మెడలో ఏడు వెన్నుపూసలున్నవి. వాటిలో పై మూడింటి దగ్గర నుండి బయలుదేరే నరాలు మెడ పైభాగపు కీళ్ళ నుండి, కండరాల నుండి సమాచారాన్ని వెన్నుపాము పైభాగానికి చేరవేస్తాయి. ముఖం, నుదురు, కళ్ళ సమాచారాన్ని తెచ్చే ట్రైజెమినల్ అనే నరపు తీగలు కూడా క్రిందికి దిగి వచ్చి అదే స్థలంలో, అవే నాడీకణాల మీద కలుస్తాయి. పాత టెలిఫోను ఎక్స్ఛేంజి రోజులను ఎరిగిన పాఠకులకు దీనిని బోధపరచడం సులభం. రెండు ఇళ్ళ తీగలు ఒకే చోట కలిసిపోయినప్పుడు ఒకరి మాట మరొకరికి వినబడేది. మెదడుకు కూడా ఇక్కడ అదే ఇబ్బంది. సమాచారం మెడ నుండి వచ్చినా, అది కంటి వెనుక నుండో నుదుటి నుండో వచ్చినదని భ్రమిస్తుంది. మెడ పూసలలో మొదటి రెంటి మధ్య కీలు విశేషమైనది. మనం తలను అటూ ఇటూ త్రిప్పే కదలికలో ఇంచుమించు సగం ఆ ఒక్క కీలులోనే జరుగుతుంది. దాని క్రింద రెండు, మూడు పూసల మధ్యనున్న చిన్న కీళ్ళు ఈ రకమైన తలనొప్పికి తరచుగా మూలమవుతున్నట్లు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త నికొలాయ్ బోగ్డుక్ వంటివారి పరిశోధనలు చూపినవి.

పై మూడు పూసల సంగతిని పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మన ఉద్యోగులు మాకు పంపిన ఎక్స్‌రే నివేదికలలో ఉండేది దాదాపు ఎప్పుడూ అయిదు, ఆరు పూసల మధ్యనో, ఆరు, ఏడు పూసల మధ్యనో అరుగుదల. ఆ భాగం అరిగితే బాధ సాధారణంగా భుజానికి, చేతికి, వేళ్ళకు దిగుతుంది. నుదుటికి ఎక్కడం అరుదు. అంటే ఎక్స్‌రేలో కనబడినది ఒకటి, రోగి చెప్పే బాధ మరొకటి. అయినా నివేదికలో స్పాండిలోసిస్ అన్న మాట చూడగానే కారణం దొరికిపోయిందని రోగి, ఒక్కొక్కసారి వైద్యుడు కూడా తృప్తి పడుతున్నారు. జపాను దేశంలో ఏ బాధా లేని 1,211 మంది ఆరోగ్యవంతులకు మెడ ఎం.ఆర్.ఐ. తీసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 87.6 శాతం మందికి డిస్కు ఉబికి ఉన్నది. ఇరవై ఏళ్ళ ప్రాయంవారిలో కూడా అధిక సంఖ్యాకులకు అది కనబడింది. నలభై దాటినవారి మెడలో అరుగుదల కనబడటం, తల మీద నెరసిన వెంట్రుక కనబడటం, ఈ రెంటికీ పెద్ద తేడా లేదన్నది మా అభిప్రాయం.

లెక్కల విభాగానికి చెందిన ఒక సహోద్యోగి అనుభవాన్ని ఆయన అనుమతితో ఇక్కడ వ్రాస్తున్నాము. పేరు ప్రచురించవద్దని కోరారు. వయసు 48. ద్వారకలో మూడవ అంతస్తు ఫ్లాటు. 2020లో ఇంటి నుండి పని మొదలైనప్పుడు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రోజుకు పది గంటలు తల వంచుకుని కూర్చునేవారు. మరుసటి సంవత్సరం వేసవినాటికి తలబరువు మొదలైంది. మొదట ముక్కు, చెవి వైద్యుని వద్దకు వెళ్ళారు. ఢిల్లీ గాలిలో సైనస్ అనుకోని వారుండరు కనుక ఆయనా అలాగే అనుకొన్నారు. చుక్కల మందు, ఆవిరి, రెండు సార్లు యాంటీబయాటిక్ అయినవి. తరువాత కళ్ళజోడు మార్పించారు. ఆపైన ఒకనాడు రక్తపోటు 140, 90 చూపించిందని దానికి మాత్ర మొదలైంది. తలబరువు మాత్రం తన దారిన తాను ఉన్నది. మిత్రుల సలహాపై మెడ ఎక్స్‌రే తీయించారు. అయిదు, ఆరు పూసల మధ్య ఖాళీ తగ్గిందన్నారు. పట్టీ కట్టుకోమన్నారు. ఆరు నెలలు మెడ పట్టీతోనే కార్యాలయానికి వచ్చేవారు. లిఫ్టులో నమస్కారం పెడితే తల వంచలేక నడుము వంచి ప్రతినమస్కారం చేసేవారు. మేమందరం చూసిన దృశ్యమే అది.

ఈ మధ్యలో ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటున్నది. కార్యాలయానికి బయలుదేరే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకునేవారు. పారాసిటమాల్, కాఫీలో ఉండే కెఫీన్, మరొక మందు కలిసిన మాత్ర అది. చీటీ లేకుండా ఎక్కడైనా దొరుకుతుంది. వేసుకొంటే మూడు నాలుగు గంటలు తల తేలికపడేది. చివరకు ఒక నరాల వైద్యుడు ఎక్స్‌రేను ప్రక్కన పెట్టి రెండు ప్రశ్నలడిగారట. మెడ త్రిప్పినప్పుడు ఏ వైపు ఆగిపోతుంది? నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకొంటారు? రెండవదానికి జవాబు చెప్పలేక, ఇంటికి వచ్చి సొరుగులోని ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టుకొన్నారు. నెలకు 22 రోజులు తేలింది.

ఇది చిన్న విషయం కాదు. నొప్పి మాత్రలే నొప్పిని పెంచి పోషించే స్థితి ఒకటున్నది. ఇదివరకే తలనొప్పి ఉన్నవారు సాధారణ నొప్పి మాత్రను నెలకు 15 రోజులు గాని, అంతకంటె ఎక్కువ గాని, కలయిక మాత్రలను 10 రోజులు గాని, అంతకంటె ఎక్కువ గాని, మూడు నెలలకు పైగా వాడుతూ, నెలలో సగం రోజులు తలనొప్పితో ఉంటే ఆ అవస్థను అతి వాడకపు తలనొప్పిగా అంతర్జాతీయ వర్గీకరణ పేర్కొంటున్నది. మెడ కారణంగా మొదలైన నొప్పి కూడా ఇలా మాత్రల చేతికి చిక్కవచ్చు. మందు దిగిపోగానే నొప్పి లేస్తుంది, మళ్ళీ మందు. మన సహోద్యోగి వైద్యుని పర్యవేక్షణలో మాత్ర మానిన మొదటి రెండు వారాలు నరకమని చెప్పారు. సెలవు పెట్టవలసి వచ్చింది. ఆపైన తల కొద్ది కొద్దిగా తేలికపడింది. తరువాతనే మెడకు వ్యాయామ చికిత్స మొదలు పెట్టారు. నాలుగు నెలలు గడిచేసరికి తలబరువు నెలకు మూడు నాలుగు రోజులకు దిగింది. పూర్తిగా పోలేదు. పోయిందని వ్రాయవద్దని ఆయనే చెప్పారు.

ఆయన తిరిగిన వైద్యులందరూ తప్పు చెప్పారని అనుకోనవసరం లేదు. తలభారానికి కారణాలు నిజంగానే అనేకం. వాటిలో కొన్నింటికి మాత్రం మన వాడుకలో యోగ్యతకు మించిన పలుకుబడి ఉన్నది. సైనస్ అన్నది అటువంటిది. తమకు సైనస్ తలనొప్పి ఉన్నదని నమ్ముతున్న 2,991 మందిని పరీక్షించిన ఒక పరిశీలన 2004లో వెలువడింది. వారిలో 88 శాతం మందివి పార్శ్వపు నొప్పి, అనగా మైగ్రేన్, లక్షణాలని తేలింది. మైగ్రేన్ ఉన్నవారికి నొప్పి వచ్చే ముందు, వచ్చినప్పుడు మెడ పట్టివేయడం మామూలు. కాబట్టి మెడ నొప్పి ఉన్నంత మాత్రాన మెడే కారణమని చెప్పడానికి వీలులేదు. వెలుతురు, చప్పుడు సహించలేకపోవడం, వాంతి వచ్చినట్లుండటం, మెట్లెక్కితే నొప్పి హెచ్చడం ఉంటే ముందుగా మైగ్రేన్‌ను అనుమానించాలి. రక్తపోటు విషయం కూడా అంతే. కొద్దిగా హెచ్చిన రక్తపోటు సాధారణంగా తలనొప్పిని కలిగించదు. 180, 120 దాటి ఎగబ్రాకినప్పుడు సంగతి వేరు, అది తక్షణం చూపించుకోవలసినది. రక్తపోటుకు మందు తప్పక వాడవలసిందే, కాని అది తలబరువును తీర్చాలని ఎదురుచూడకూడదు. గ్యాసు తలకెక్కిందన్న మాట ఢిల్లీలోనూ ఉన్నది, మన జిల్లాలలోనూ ఉన్నది. పొట్టలోని వాయువు తలకెక్కే మార్గం శరీరంలో లేదు.

రెండు వైపులా సమానంగా, పట్టీ బిగించినట్లు, ఒక మోస్తరుగా ఉండే నొప్పికి టెన్షన్ రకపు తలనొప్పి అని పేరు. మనవారి ఉత్తరాలలో చాలావాటికి ఈ వర్ణనే దగ్గరగా ఉన్నది. ఇందులోనూ మెడ, భుజాల కండరాలు ముట్టుకొంటే నొప్పిగా ఉంటాయి. మెడ జనకమైన నొప్పి తరచుగా ఒకే వైపున, మెడ వెనుక నుండి మొదలై ముందుకు వస్తుంది, వైపు మార్చుకోదు, మెడ కదలిక తగ్గి ఉంటుంది, మెడను ఒక భంగిమలో ఉంచితే లేక ఒక చోట నొక్కితే అదే తలనొప్పి లేస్తుంది. పుస్తకంలో ఈ తేడాలు స్పష్టంగా ఉన్నా, మనుషులలో రెండూ కలిసే ఉండవచ్చు. ఇవిగాక, పెద్దగా గురక పెట్టి పొద్దున తలబరువుతో లేచేవారు నిద్రలో ఊపిరాడని జబ్బును, రాత్రి పళ్ళు కొరికేవారు దవడ కీలును చూపించుకోవాలి. పడుకొంటే ఒత్తిడి హెచ్చడం, చెవిలో గుండె చప్పుడు వినబడటం, చూపు క్షణంపాటు మసకబారడం ఉన్నవారు, ముఖ్యంగా స్థూలకాయం గల యువతులు, కంటి వైద్యుని చేత కంటి లోపలి నరాన్ని పరీక్ష చేయించుకోవాలి. తల లోపలి ద్రవం ఒత్తిడి నిజంగా పెరిగే వ్యాధి ఒకటున్నది. దానిని వదిలేస్తే చూపు పోవచ్చు.

ఇక మెడను మనం పెడుతున్న బాధల సంగతి. పూర్వం పప్పన్ కలాన్ అని పిలువబడిన ఈ ఉపనగరానికి మెట్రో రైలు 2005 డిసెంబరు 31న వచ్చింది. అంతకు ముందు మన ఉద్యోగులు చార్టర్డ్ బస్సులలో కునుకుతూ, తల ఊగించుకుంటూ కార్యాలయాలకు చేరేవారు. ఇప్పుడు నీలి మార్గపు రైలులో రాజీవ్ చౌక్ వరకు ముప్పాతిక గంట పైచిలుకు ప్రయాణం. పెట్టెలో కన్నెత్తి చూసేవారు కనబడరు. అందరి గడ్డాలూ రొమ్ముకు ఆని ఉంటాయి, చేతిలో ఫోను. నిటారుగా ఉన్న తల బరువు సుమారు 5 కిలోలు. తలను 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలకు సమానమని అమెరికా శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో గణించారు. అది లెక్క కట్టి చెప్పినది, మనుషుల మెడలో కొలిచినది కాదు. అందుచేత దానిని వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. అయినా పోనూ రానూ ఒకటిన్నర గంట మెడను అలా ఉంచితే కండరాలు అలసిపోతాయని చెప్పడానికి గణితం అవసరం లేదు.

కళ్ళజోడు సంగతి అంతగా ఎవరూ గమనించరు. దూరానికి, దగ్గరకు ఒకే అద్దంలో చూసే జోడు ధరించినవారు కంప్యూటరు తెరను అద్దం క్రింది భాగం నుండి చూడటానికి గడ్డం పైకెత్తి కూర్చుంటారు. మెడ పైభాగం వెనుకకు వంగి, పుర్రె అడుగున ఉండే చిన్న కండరాలు రోజంతా ముడుచుకుని ఉంటాయి. వీరికి తెర కొద్దిగా క్రిందికి దింపుకోవడమో, కంప్యూటరుకు వేరే జోడు పెట్టుకోవడమో మేలు చేస్తుంది. ల్యాప్‌టాప్ వాడేవారికి ఇది తిరగబడుతుంది. వారు తెరను పుస్తకాల దొంతి మీద ఎత్తి, మీటల పలకను వేరుగా తగిలించుకోవాలి. పాత సర్కులర్ల బౌండు పుస్తకాలు ఈ పనికి చక్కగా ఉపయోగపడుతున్నట్లు మా పరిశీలనలో తేలింది.

మంగలి దుకాణంలో చంపీ చేయించుకోవడం ఢిల్లీ వాసులకు గొప్ప సుఖం. తల మర్దన వరకు అభ్యంతరం లేదు. చివర తలను రెండు చేతులా పట్టుకుని చటుక్కున త్రిప్పి మెడ విరిచే అలవాటు ఉన్నది చూశారా, దానిని మాత్రం వెంటనే మానాలి. మెడ పూసల రంధ్రాల గుండా మెదడు వెనుక భాగానికి రెండు రక్తనాళాలు వెళుతున్నవి. మెడ విసురుగా తిరిగితే వాటి లోపలి పొర చీలి, గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. బళ్ళారి ప్రాంతానికి చెందిన ఒక యువకుడికి క్షౌరశాలలో మెడ విరిచిన తరువాత పక్షవాతం వచ్చినట్లు 2024లో పత్రికలలో వచ్చింది. హైదరాబాదులో 50 ఏళ్ళ మహిళకు బ్యూటీ పార్లరులో బేసిను అంచు మీద మెడ వెనుకకు వాల్చి తల కడిగిస్తుండగా తల తిరిగి, వాంతులయి, అది పక్షవాతమని తేలినట్లు చికిత్స చేసిన వైద్యుడే 2022లో వెల్లడించారు. ఇటువంటివి అరుదు. అయినా అక్కడ లభించే సుఖం ఎంత, దానికి పెట్టే పందెం ఎంత అని ఆలోచించుకోవాలి.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒక సహోద్యోగిని విషయంలో మేము చూసినది. ఆమెకు తలబరువు, మెడ నొప్పి ఎనిమిదేళ్ళుగా ఉన్నవి. ఇంటిల్లిపాదీ సర్వైకల్ అనే అంటారు. ఒక చలికాలంలో ఆమెకు స్వెట్టరు బొత్తాములు పెట్టుకోవడం కష్టమైంది. చలికి వేళ్ళు బిగిసినవనుకొన్నారు. తరువాత నడుస్తుండగా చెప్పు కాలి నుండి జారిపోయేది, జారినట్లు తెలిసేది కాదు. చేతివ్రాత మారింది. పాత జబ్బే కదా అని మరో అయిదు నెలలు గడిచినవి. చివరకు ఎం.ఆర్.ఐ. తీస్తే మెడలో వెన్నుపాము నొక్కుకుపోయి ఉన్నది. శస్త్రచికిత్స జరిగింది. నడక నిలిచింది, కాని కుడిచేతి వ్రేళ్ళ నేర్పు మునుపటివలె తిరిగి రాలేదు. వెన్నుపాము నొక్కుడులో శస్త్రచికిత్స ప్రధానంగా ఇంకా చెడకుండా ఆపుతుంది. పోయిన శక్తి ఎంత తిరిగి వస్తుందన్నది ఎంత త్వరగా కనిపెట్టారన్నదానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇక్కడ ఎం.ఆర్.ఐ. అత్యవసరం. పైన మేము ఎక్స్‌రేలను తేలికగా మాట్లాడినందున ఈ మాట గట్టిగా చెబుతున్నాము. తలబరువు ఒక్కటే ఉన్నవారికి మెడ చిత్రం తొందర లేదు. చేతులలో పట్టు తగ్గినా, నడక తడబడినా, మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్లున్నా, మూత్రం ఆపుకోలేకపోయినా వారం రోజులు కూడా ఆగకూడదు.

అలాగే జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తీవ్రంగా, క్షణాలలో వచ్చి పడిన తలనొప్పి, జ్వరంతో కూడిన మెడ బిగుతు, మాట తడబాటు, చూపు రెండుగా కనబడటం, దెబ్బ తగిలిన తరువాత హెచ్చుతున్న నొప్పి, ఇవి ఉంటే వ్యాయామాల గురించి ఆలోచించకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. 50 దాటిన తరువాత కొత్తగా తలనొప్పి వచ్చి, దువ్వుకొంటే తల చర్మం నొప్పి పెట్టడం, నమిలేటప్పుడు దవడ అలసిపోవడం ఉంటే కణత రక్తనాళాల వాపు కావచ్చు. ఇ.ఎస్.ఆర్. అనే మామూలు రక్తపరీక్ష దారి చూపుతుంది. చికిత్స ఆలస్యమైతే చూపుకు ప్రమాదం.

ఇవేవీ లేవని వైద్యుడు తేల్చి, మూలం మెడలోనే ఉన్నదని నిర్ధారించినప్పుడు చేయవలసినది ప్రధానంగా వ్యాయామం. ఆస్ట్రేలియాలో గ్వెండొలిన్ జుల్ అనే ఫిజియోథెరపిస్టు, ఆమె సహచరులు మెడ జనకమైన తలనొప్పి గల 200 మందిపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. ఆరు వారాలపాటు మెడ లోపలి కండరాలకు, భుజపుటెముకల కండరాలకు తేలికైన వ్యాయామం చేయించిన వారికి, శిక్షణ పొందిన చేతులతో కీళ్ళకు చికిత్స చేయబడినవారికి, రెండూ పొందినవారికి నొప్పి తగ్గింది. ఒక సంవత్సరం తరువాత చూసినా ఆ లాభం నిలిచి ఉన్నది. ఆ వ్యాయామం బరువులెత్తడం వంటిది కాదు. వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, ఔనన్నట్లు గడ్డాన్ని కొద్దిగా లోపలికి వంచి, పది సెకన్లు ఉంచి వదలడం. చూడటానికి ఏమీ లేనట్లుంటుంది, అందుకే మనవారు నాలుగు రోజులు చేసి మానేస్తారు. మెడ ముందుభాగపు లోపలి కండరాలు బలహీనపడినప్పుడు వెనుక కండరాలు ఆ పని కూడా నెత్తిన వేసుకుని బిగిసిపోతాయి. లోపలివాటికి పని నేర్పడమే ఇందులోని కిటుకు. ఒకసారి ఫిజియోథెరపిస్టు ఎదుట నేర్చుకుని చేయడం మంచిది. మెడను గుండ్రంగా గిరగిర త్రిప్పే వ్యాయామం మేము సిఫారసు చేయడం లేదు.

యోగం గురించి కూడా అడిగారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మైగ్రేన్ రోగులు 114 మందిపై జరిపిన అధ్యయనంలో మందులతోపాటు యోగం చేసినవారికి, మందులు మాత్రమే వాడినవారికంటె ఎక్కువ మేలు కనబడినట్లు 2020లో ప్రకటించారు. అది మైగ్రేన్ సంగతి, మెడ జనకమైన నొప్పికి నేరుగా వర్తించదు. అయినా నెమ్మదైన ఆసనాలకు, ప్రాణాయామానికి అభ్యంతరం లేదు. శీర్షాసనం, సర్వాంగాసనం మాత్రం మెడ బాధ ఉన్నవారు విడిచిపెట్టాలి. మెడ పట్టీ అన్నది తీవ్రమైన నొప్పిలో కొద్ది రోజులకు మాత్రమే. నెలల తరబడి కట్టుకొంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

డిసెంబరు, జనవరి నెలలలో మనవారికి బాధ హెచ్చుతున్నదని చాలామంది వ్రాశారు. కోస్తా జిల్లాల నుండి వచ్చినవారు ఢిల్లీ చలికి భుజాలు చెవులదాకా ఎత్తి, ముడుచుకుని నడుస్తారు. రోజంతా అలా ఉంటే మెడ పట్టివేయడంలో ఆశ్చర్యం లేదు. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకోవడానికి మొహమాటపడనవసరం లేదు. రాత్రి పది నిమిషాలు వేడి నీళ్ళ సంచి మెడ వెనుక పెట్టుకొంటే హాయిగా ఉంటుంది.

వైద్యుని వద్దకు వెళ్ళేముందు నెల రోజులు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. తలబరువు ఏ రోజు, ఏ వేళ, ఏ వైపు. ఆనాడు మాత్ర వేసుకొన్నారా, ఏది. ముందురోజు నిద్ర ఎన్ని గంటలు. ఈ ఒక్క పుటలో మూడు వేల రూపాయల పరీక్షలో దొరకని సమాచారం దొరకవచ్చు.

దిండు ఎంత ఎత్తు ఉండాలని ద్వారక నుండే ఇద్దరు, విశాఖపట్నం నుండి ఒకరు ప్రత్యేకంగా అడిగారు. ప్రక్కకు తిరిగి పడుకునేవారికి భుజం అంచు నుండి మెడ వరకు ఉన్న ఎడమును నింపేంత ఎత్తు కావాలి. వెల్లకిలా పడుకునేవారికి అంతకంటె తక్కువ చాలును. బోర్లా పడుకునే అలవాటు మానుకోవాలి, ఎందుకంటే రాత్రంతా మెడ ఒక ప్రక్కకు తిరిగి ఉండిపోతుంది. ఖరీదైన ప్రత్యేకపు దిండ్లు కొననక్కరలేదు. మన ఊరి బూరుగు దూది దిండులో దూది తీసి, కలిపి, ఎవరి ఎత్తుకు వారు సరిచేసుకోవచ్చు.